మౌంటెన్ యాష్ అడవిని చదవడం ఎలా: ఆకు నుంచి అగ్గి దాకా

రెండేళ్ల కిందట మా నాన్న ఖమ్మం దగ్గరి మా ఊరి నుంచి మెల్‌బోర్న్ వచ్చినప్పుడు, డాండినాంగ్ కొండల్లోని షెర్‌బ్రూక్ అడవికి తీసుకెళ్లాను. ఊళ్లో ఆయనకు మూడెకరాల జామాయిల్ తోట ఉంది. జామాయిల్‌కు చుట్టమైన మౌంటెన్ యాష్ అనే యూకలిప్టస్ చెట్టు మొదట్లో నిలబడి, మెడ పట్టేసేదాకా పైకి చూసి ఆయన అడిగిన మొదటి ప్రశ్న: "దీన్ని కొడితే మొదట్ల నుంచి పిలకలొస్తయారా?"

రావన్నాను.

"మరి కాలితే?"

చచ్చిపోతుందన్నాను. ఆయన నమ్మలేదు. "జామాయిలంటే చావదురా" అన్నాడు.

ఆయన తప్పేమీ లేదు. నాలుగేళ్లకోసారి కొట్టి పేపర్ మిల్లుకు తోలే జామాయిల్, మోడు నుంచి మళ్లీ మళ్లీ లేస్తుంది. ఆస్ట్రేలియాలో చాలా యూకలిప్టస్‌లు కార్చిచ్చులో మసిబారినా నెల రోజుల్లో కాండమంతా చిగుళ్లు కప్పుకుంటాయి. వాటన్నిటికంటే ఎత్తుగా పెరిగే ఈ మౌంటెన్ యాష్‌కు మాత్రం ఆ విద్య అబ్బలేదు. నేలలో దాచుకున్న దుంప మొదలు లేదు, బెరడు కింద నిద్రపోయే మొగ్గలు చిగురించి నిలబెట్టవు. పెద్ద మంటకు మొత్తంగా చస్తుంది, విత్తనంతో మొత్తంగా పుడుతుంది. ఈ ఒక్క సంగతి పట్టుకుంటే దాని ఎత్తు, వయసు, తొర్రలు, నీళ్లు, కలప అన్నీ వరసగా అర్థమవుతాయి. నేను చుట్టాలకు చూపించే క్రమంలోనే ఇక్కడ రాస్తున్నాను.

మెట్టు 1: పేర్ల చిక్కు విప్పుకోండి

శాస్త్రీయ నామం యూకలిప్టస్ రెగ్నాన్స్. విక్టోరియా ప్రభుత్వ వృక్షశాస్త్రవేత్త ఫెర్డినాండ్ వాన్ ముల్లర్ 1871లో పెట్టాడు. రెగ్నాన్స్ అంటే లాటిన్‌లో 'ఏలేది'. విక్టోరియాలో మౌంటెన్ యాష్ అంటారు, టాస్మేనియాలో అదే చెట్టు స్వాంప్ గమ్. కలప దుకాణానికి వెళ్తే మూడో పేరు, నాలుగో పేరు వినిపిస్తాయి, అవి తర్వాత. యాష్ అన్నది బూడిద కాదు. ఐరోపాలో యాష్ అనే చెట్టుంది, దాని కలపను పోలి ఉందని వలస వచ్చినవాళ్లు అలా పిలిచారు. ఆ చెట్టుకూ దీనికీ చుట్టరికమే లేదు. అయినా ఈ చెట్టు మొలిచేది బూడిదలోనే కాబట్టి, పొరపాటున మంచి పేరే కుదిరింది.

మనవాళ్ల మొదటి సందేహం ఒకటుంటుంది: నీలగిరి తైలం దీన్నుంచేనా? కాదు. ఊటీ వైపు తైలం తీసేది యూకలిప్టస్ గ్లోబ్యులస్ నుంచి. మన మైదానాల జామాయిల్ టెరెటికార్నిస్, కమాల్డ్యులెన్సిస్ జాతుల సంతతి. ఈ రెగ్నాన్స్‌ను నూనె కోసం ఎవరూ పెంచరు.

మెట్టు 2: ఎక్కడికి వెళ్లాలో తేల్చుకోండి

ఈ చెట్టు సహజంగా పెరిగేది రెండే రాష్ట్రాల్లో, విక్టోరియా, టాస్మేనియా. అందులోనూ చల్లటి, వానలు బాగా పడే, మట్టి లోతుగా గుల్లగా ఉన్న కొండవాలుల్లోనే. విక్టోరియాలో సుమారు 200 మీటర్ల ఎత్తు నుంచి మొదలై, వెయ్యి మీటర్లు దాటాక, మంచు నిలిచే చోట, తన చుట్టం అల్పైన్ యాష్‌కు చోటిస్తుంది.

మెల్‌బోర్న్ శివార్లలో టార్నీట్, పాయింట్ కుక్ వైపు ఉండే మన కుటుంబాలన్నీ పిల్లల్ని తీసుకుని ఒక్కసారైనా బెల్‌గ్రేవ్‌లో పఫింగ్ బిల్లీ అనే పాతకాలపు ఆవిరి రైలు ఎక్కే ఉంటారు. కిటికీలో కాళ్లు బయటపెట్టి ఫొటో దిగేటప్పుడు వెనకాల కనిపించే నిలువెత్తు బూడిదరంగు స్తంభాలు ఇవే. రైలు దిగాక దగ్గర్లోని గ్రాంట్స్ పిక్నిక్ గ్రౌండ్‌కు వెళ్లి హార్డీ గల్లీ దారిలో ఓ అరగంట నడవండి. మొదటిసారికి అది చాలు. రెండోసారి హీల్స్‌విల్ నుంచి నార్బెతాంగ్ వెళ్లే బ్లాక్ స్పర్ రోడ్డు చూడండి. పశ్చిమాన ఆట్వే కొండలు, తూర్పున టారా-బుల్గా పార్కు. టాస్మేనియా వెళ్లగలిగితే మౌంట్ ఫీల్డ్ నేషనల్ పార్క్‌లో టాల్ ట్రీస్ నడక, స్టిక్స్ లోయ.

గాలి ఉన్న రోజు వెళ్లకండి. ఇది లాంఛనానికి చెప్తున్న మాట కాదు. అరవై మీటర్ల పైనుంచి ఊడిపడే కొమ్మ చప్పుడు లేకుండా వస్తుంది. 2021 జూన్ తుపానులో డాండినాంగ్ కొండల్లో వేలాది చెట్లు వేళ్లతో సహా ఒరిగాయి, ఇళ్ల మీద పడ్డాయి. వేసవిలో అగ్ని ప్రమాద హెచ్చరిక ఎక్కువగా ఉన్న రోజుల్లో పార్కులే మూసేస్తారు, బయల్దేరే ముందు చూసుకోండి. వర్షాకాలంలో జలగలుంటాయి. ప్యాంటు సాక్సుల్లోకి దోపుకోవాలి, అంతే.

మెట్టు 3: చెట్టును గుర్తుపట్టండి

కింద నుంచి పైకి చూడండి. మొదట్లో గోధుమరంగు గరుకు బెరడు, కాలికి మేజోడు తొడిగినట్టు కొన్ని మీటర్ల నుంచి పదిహేను మీటర్ల దాకా ఉంటుంది. దాని పైన నున్నటి కాండం, తెలుపు, బూడిద, లేత ఆకుపచ్చ కలిసినట్టు. కొమ్మల సందుల్లోంచి పొడవాటి బెరడు పేలికలు వేలాడుతుంటాయి. గాలికి అవి కాండానికి కొట్టుకునే చప్పుడే ఈ అడవి చప్పుడు. మంట వచ్చినప్పుడు ఆ పేలికలే నిప్పంటుకుని ఎగిరి కిలోమీటర్ల అవతల కొత్త మంట పెడతాయి.

పోలికతో మోసం చేసేవి మూడున్నాయి. గరుకు బెరడు కొమ్మల దాకా వెళ్తే అది మెస్‌మేట్. సగం కాండం దాకా ఉండి, చోటు బాగా ఎత్తయితే అల్పైన్ యాష్. దాదాపు మొత్తం నున్నగా ఉంటే మౌంటెన్ గ్రే గమ్ కావచ్చు. అప్పుడు నేల మీద రాలిన రెమ్మ వెతకండి. ఆకు మొదట్లో ఒక్కో చోట రెండు తొడిమలు జంటగా బయల్దేరి, ఒక్కోదానికి 9 నుంచి 15 మొగ్గల గుత్తి ఉంటే సందేహం అక్కర్లేదు. గ్రే గమ్‌కు గుత్తికి ఏడే. నేను ఏడాది పాటు బెరడు చూసి వాదించేవాణ్ని. ఇప్పుడు వంగి రెమ్మ ఏరుకుంటాను. కాయలు చిన్నవి, సెంటీమీటరు కూడా ఉండవు, చెక్కతో చేసిన చిన్న గిన్నెల్లా ఉంటాయి.

మెట్టు 4: ఎత్తు కొలవండి

పిల్లలకు నచ్చే మెట్టు ఇదే. ఫోన్‌లో కోణం చూపించే యాప్ ఒకటి, యాభై మీటర్ల తాడు ఒకటి చాలు.

చెట్టు మొదలు నుంచి 50 మీటర్లు చదునుగా వెనక్కి నడవండి. చిటారు కొనకు ఫోన్ గురిపెట్టి కోణం రాసుకోండి, తర్వాత మొదలుకు గురిపెట్టి ఇంకోటి. పైకోణం 55 డిగ్రీలు, కిందికోణం 3 డిగ్రీలు వచ్చాయనుకుందాం. 55 టాంజెంట్ 1.43, 3 టాంజెంట్ 0.05. రెండూ కూడి 50తో గుణిస్తే 74 మీటర్లు.

ఇక్కడే అందరూ బోల్తా పడతారు. కింద నుంచి చూస్తే మీ వైపు చాచిన కొమ్మే చిటారు కొనలా కనిపిస్తుంది. ఆ కొమ్మ మీ వైపుకు 8 మీటర్లు వచ్చి ఉంటే, అది మీకు 50 కాదు, 42 మీటర్ల దూరంలోనే ఉన్నట్టు. మీ కంటి మట్టం నుంచి 60 మీటర్ల ఎత్తున్న ఆ కొమ్మ లెక్కలో 71 మీటర్లవుతుంది. పదకొండు మీటర్లు ఊరికే పెరిగాయి. అందుకే రెండు మూడు దిక్కుల నుంచి కొలిచి తక్కువ వచ్చినదాన్ని నమ్మండి. వృత్తిగా చేసేవాళ్లు లేజర్‌తో కొనకు నేరు దూరం కొలిచి సైన్‌తో లెక్క కడతారు. అందులో ఈ మాయ ఉండదు.

పాత రికార్డులను కూడా ఈ కళ్లతోనే చూడాలి. 1872లో ఫెర్గ్యుసన్ అనే అటవీ అధికారి వాట్స్ నది దగ్గర పడిపోయిన చెట్టు 133 మీటర్లని రాశాడు, చాలామంది ఒప్పుకోరు. 1880ల తొలి ఏళ్లలో థోర్ప్‌డేల్‌లో కార్న్‌త్‌వైట్ అనే సర్వేయరు కొలిచిన 114.3 మీటర్ల చెట్టును మాత్రం ఎక్కువమంది నమ్ముతారు. 1888 మెల్‌బోర్న్ ప్రదర్శన కోసం 400 అడుగుల చెట్టు చూపిస్తే బహుమతి అన్నారు. ఊరూరా గొప్పలు చెప్పుకున్న చెట్లన్నీ టేపు రాగానే కుంచించుకుపోయాయి, ఎవరూ గెలవలేదు.

ఇప్పుడు బతికున్నవాటిలో పెద్దది టాస్మేనియాలో ఆర్వ్ లోయలోని సెంచూరియన్. విమానం నుంచి లేజర్‌తో అడవిని జల్లెడ పడుతూ 2008లో కనుక్కున్నారు. అప్పుడు 99.6 మీటర్లు, 2018లో మళ్లీ కొలిస్తే 100.5. 2019 మంటల్లో దాని మొదలు కాలింది గానీ చెట్టు నిలిచింది. పూసే చెట్లలో ప్రపంచంలోనే ఎత్తయినదన్న బిరుదును మాత్రం 2019లో బోర్నియో దీవిలో సబాలోని 100.8 మీటర్ల యెల్లో మెరాంటి అనే చెట్టు తీసుకుపోయింది. ముప్పై సెంటీమీటర్ల తేడా! మౌంటెన్ యాష్ అభిమానులు ఇంకా ఒప్పుకోవడం లేదు.

మెట్టు 5: ఏ ఏటి మంటకు పుట్టిందో చదవండి

ఇది అసలు మెట్టు. తొందర పడకండి.

ఈ చెట్టు విత్తనాలు నేలలో నిలవ ఉండవు. పైన కాయల్లోనే ఉంటాయి. మామూలు ఏడాదిలో రాలినవాటిని చీమలు మోసుకుపోతాయి, మిగిలినవి ఆకుల దుప్పటి మీద, నీడలో మొలకెత్తి చస్తాయి. మంట వచ్చిన ఏడు కథ మారుతుంది. వేడికి చెట్టు చస్తుంది, కాయలు ఎండి ఒక్కసారిగా నోళ్లు తెరుస్తాయి. చీమలు తిని అరిగించుకోలేనంత విత్తనం, రోజుల వ్యవధిలో, వెచ్చటి బూడిద మీద రాలుతుంది. పైన నీడ లేదు, కింద పోటీ లేదు. ఒక హెక్టారులో 25 లక్షల మొలకల దాకా లెక్కపెట్టారు. అక్కణ్నుంచి వెలుతురు కోసం పరుగు. ఏడాదికి సగటున మీటరుకు పైగా పెరుగుతూ, మంచి చోట యాభై ఏళ్లలో 65 మీటర్లు అందుకుంటాయి. వెనకబడింది చస్తుంది. చివరకు హెక్టారుకు 30, 40 మహావృక్షాలు మిగులుతాయి. ఆ ఎత్తు వెనక అన్ని చావులున్నాయి.

కాబట్టి అడవిలో నిలబడి చుట్టూ చూడండి. కాండాలన్నీ ఇంచుమించు ఒకే లావులో ఉంటే అవన్నీ ఒకే ఏడు పుట్టిన కవలలు. విక్టోరియాలో గుర్తుంచుకోవాల్సిన ఏళ్లు కొన్నే: 1851, 1926, 1939, 1983, 2009. మీరు చూసే అడవిలో ఎక్కువ భాగం 1939 జనవరి 13 సంతానం. బ్లాక్ ఫ్రైడే అంటారు. ఆ మంటల్లో 71 మంది పోయారు, దాదాపు ఇరవై లక్షల హెక్టార్లు కాలాయి. 2009 ఫిబ్రవరి 7న, బ్లాక్ సాటర్‌డేలో 173 మంది. కింగ్‌లేక్, మేరీస్‌విల్ వైపు వెళ్తే ఆ ఏటి మొక్కలు దుబ్బులా కమ్ముకుని, మధ్యలో వాటి తల్లుల తెల్లటి ఎముకల్లాంటి ఎండు కాండాలు ఇంకా నిలబడి కనిపిస్తాయి.

రెండు రకాల లావులు కలిసి కనిపిస్తే అక్కడ మంట మెల్లగా పోయిందని, కొన్ని పెద్ద చెట్లు తప్పించుకున్నాయని అర్థం. అలాంటి పెద్దదాని మొదలు చుట్టూ తిరగండి. ఏటవాలు ఎగువ వైపున త్రికోణంలో మసిపట్టిన గాయం ఉంటుంది, రాలిన చెత్త కొండ మీంచి జారి ఆ వైపే పోగవుతుంది కాబట్టి.

ఇంకో తమాషా. చెట్టు కింద గొడుగులా విచ్చుకున్న ట్రీ ఫెర్న్‌ను చూడండి. అది కాలినా నడినెత్తి నుంచి మళ్లీ చిగురిస్తుంది. అంటే మీ పక్కన రెండు మీటర్లున్న ఆ పొట్టిది, నెత్తి మీద డెబ్బై మీటర్లున్న మహారాజు కంటే వయసులో పెద్దదై ఉండొచ్చు.

ఇప్పుడు మంటల మధ్య ఎడం లెక్క కట్టండి. మొక్క సరిపడా విత్తనం పట్టడానికి సుమారు ఇరవై ఏళ్లు. ఆ లోపే రెండో మంట వస్తే పైన కాయ లేదు, కింద విత్తనం లేదు, ఆ చోట మౌంటెన్ యాష్ వంశం ఆగిపోతుంది. నేలలో దశాబ్దాలు విత్తనం దాచుకునే సిల్వర్ వాటిల్ అనే తుమ్మ జాతి చెట్టు ఆ చోటు ఆక్రమిస్తుంది. దీనికి పూర్తిగా భిన్నంగా, నాలుగైదు వందల ఏళ్లు మంటే రాకపోతే, పెద్దవి వయసు మీరి పడిపోతాయి, కింద నీడలో ఓపిగ్గా పెరిగిన మర్టిల్ బీచ్ అనే చెట్ల అడవి మిగులుతుంది. మంటలు మరీ దగ్గరైనా చావే, మరీ దూరమైనా చావే. ఈ మధ్య మంటలు దగ్గరవుతున్నాయి. అల్పైన్ యాష్ అడవుల్లో ఇప్పటికే హెలికాప్టర్లతో విత్తనం చల్లాల్సి వచ్చింది.

మెట్టు 6: తొర్రలు లెక్కపెట్టండి

లెడ్‌బీటర్స్ పోసమ్ అనే పిడికెడు జంతువు విక్టోరియా రాష్ట్ర జంతు చిహ్నం. అంతరించిందనుకున్నాక 1961లో మేరీస్‌విల్ దగ్గర మళ్లీ కనిపించింది. దానికి ముసలి చెట్టు తొర్ర కావాలి. మౌంటెన్ యాష్‌కు 120 ఏళ్లకు ముందు తొర్రలు పెద్దగా పడవు. 1939 చెట్లకు ఆ వయసు వచ్చేది 2059లో. అప్పటిదాకా ఈ పోసమ్‌లకు ఆధారం 1939కి ముందు నుంచీ మిగిలిన ముసలివి, ఎండిన మోడులు. అవి ఏటా కూలుతున్నాయి. దుర్భిణి పట్టుకుని అరగంటలో ఎన్ని తొర్రలు కనిపిస్తాయో లెక్కపెట్టి చూడండి.

పాత మోడుల మీద మనిషి నడుము ఎత్తు నుంచి పైకి, అడ్డంగా కొట్టిన గాడులు కనిపిస్తే అవి పక్షులవి కావు. గొడ్డలి పనివాళ్లు వాటిలో పలక దోపి, దాని మీద నిలబడి, లావుపాటి మొదలు దాటాక నరికేవాళ్లు. మా నాన్న ఆ గాడిలో చేయి పెట్టి చాలాసేపు నిలబడ్డాడు.

మెట్టు 7: ఇంటి కుళాయితో కలిపి చూడండి

మెల్‌బోర్న్ తాగునీటిలో ఎక్కువ భాగం ఈ చెట్లున్న కొండల నుంచే వస్తుంది. మరూండా, అప్పర్ యారా, థామ్సన్ జలాశయాల ఎగువ అడవుల్లో చాలా భాగంలోకి జనాన్ని అడుగుపెట్టనివ్వరు. 1985లో జార్జ్ కుజెరా అనే ఇంజనీరు 1939 మంట తర్వాతి లెక్కలు తీసి ఒక గీత గీశాడు. ముసలి అడవి కాలి లేత అడవి మొలిస్తే, ఆ పరుగులో మొక్కలు విపరీతంగా నీళ్లు తాగి, ఇరవై ముప్పై ఏళ్ల నాటికి వాగులో నీరు దాదాపు సగానికి పడిపోతుంది. పాత మట్టానికి రావడానికి వందేళ్ల పైమాటే. జామాయిల్ వేస్తే పక్క బావి ఎండుతుందని మా ఊళ్లో జరిగే తగాదాలు విన్నవాడికి ఇది కొత్తగా అనిపించదు. ఇక్కడ తేడా ఒకటే, నాలుగేళ్లకోసారి కొట్టకుండా వదిలేస్తే చెట్టు ముదిరి దాహం తగ్గుతుంది.

ఇదే కొండల్లో, ఒషానసీ నీటి పరీవాహకంలోని ముసలి అడవిలో హెక్టారుకు 1,867 టన్నుల కార్బన్ ఉందని 2009లో లెక్కగట్టారు. అంత చిక్కగా కార్బన్ దాచిన అడవిని అప్పటికి ప్రపంచంలో ఇంకెక్కడా కొలవలేదు.

మెట్టు 8: కలప కొనేటప్పుడు

దుకాణంలో 'టాస్మేనియన్ ఓక్' అంటే ఓక్ కాదు. రెగ్నాన్స్, అల్పైన్ యాష్, మెస్‌మేట్ మూడూ కలిపి పెట్టిన వ్యాపార నామం. 'విక్టోరియన్ యాష్' అంటే మొదటి రెండూ. లేత గడ్డిరంగు, అక్కడక్కడా గులాబి ఛాయ, నిలువు నార. ఆరాక ఘనమీటరు 650 నుంచి 680 కిలోలు, అంటే ఇంచుమించు మన టేకంత బరువు. నేల చెక్కలు, బీరువాలు, మెట్లు బాగా వస్తాయి. మా ఇంట్లో పూజా మందిరం దీనితోనే చేయించాను, పసుపు మరక అంటుకుంటుంది, పాలిష్ వేయించండి.

మట్టిలో పాతే గుంజకు, వానకు తడిసే డెక్‌కు మాత్రం వద్దు. నేల తగిలితే అయిదేళ్లు కూడా ఆగదు. మన టేకు దూలంలా బయట వదిలేద్దామనుకుంటే నష్టపోతారు. నేల చెక్కలు కొంటే తేమ శాతం అడగండి, 9 నుంచి 14 మధ్య ఉండాలి, పరిచే ముందు కొన్నాళ్లు ఇంట్లోనే పెట్టండి. ఆరేటప్పుడు ఈ కలపలో కణాలు గాలి తీసిన బెలూన్లలా కూలిపోతాయి. బట్టీలో ఆవిరి పట్టి మళ్లీ ఉబ్బిస్తారు. ఆ పని సరిగా జరగని పలక మీద అలలు అలలుగా గుంతలు చేతికి తెలుస్తాయి.

విక్టోరియాలో 2024 జనవరి 1 నుంచి సహజ అడవుల్లో నరికివేత ఆగిపోయింది. టాస్మేనియాలో ఉంది. పాత కలప దొరికితే, కూల్చిన ఇళ్ల నేల చెక్కలు, నా మటుకు నేను వాటికే ఓటేస్తాను. కాగితం సంగతి కూడా ఒక మాట: టాస్మేనియాలో బోయర్ మిల్లు 1941లో ఈ జాతి గుజ్జుతో వార్తాపత్రికల కాగితం మొదలుపెట్టింది. గట్టి కలపతో ఆ కాగితం చేయడం ప్రపంచంలో అదే మొదలు. మా నాన్న జామాయిల్ లారీ సారపాక మిల్లుకు వెళ్లే దారి ఒక రకంగా అక్కడ మొదలైంది.

మెట్టు 9: విత్తనం నుంచి పెంచాలంటే

విత్తన వ్యాపారి దగ్గర కొనండి. ఆవగింజంత విత్తనం పొట్టుతో కలిసి వస్తుంది. తడి వెర్మిక్యులైట్‌లో (తేమ నిలిపే తేలికపాటి ఖనిజపు పొడి) కలిపి ఫ్రిజ్‌లో, గడ్డకట్టని అరలో, మూడు నాలుగు వారాలు ఉంచండి, చలికాలం గడిచిందని దానికి అనిపించాలి. తర్వాత సన్నటి మట్టి మీద చల్లి, కనిపించీ కనిపించనట్టు కప్పి, వెలుతురులో పెట్టండి. నీడలో మొలక నిలవదు. రెండు మూడు వారాల్లో లేస్తుంది. చిన్నప్పుడే లోతైన నేలలోకి మార్చాలి, కుండీలో వేళ్లు చుట్టుకుంటే పెద్దయ్యాక గాలికి పడుతుంది. ఇంటికి వంద మీటర్ల లోపు నాటొద్దు.

తెలంగాణలో, ఆంధ్రలో ప్రయత్నించకండి. మే ఎండ ఒక్కటి చాలు. అరకు చల్లగా ఉంటుంది కదా అనొచ్చు, కానీ అక్కడి వాతావరణం దీనికి సరిపడదు. న్యూజిలాండ్‌కు మాత్రం బాగా నచ్చింది. డునెడిన్ దగ్గర ఒరోకొనూయిలో 80 మీటర్లు దాటి ఆ దేశంలోనే ఎత్తయిన చెట్టుగా నిలిచింది ఒక మౌంటెన్ యాష్.

నేషనల్ పార్కులో ఆకు, కాయ, బెరడు ఏదీ ఏరి తెచ్చుకోకూడదు. అనుమతి లేకుండా విత్తనం విమానంలో ఇండియాకు తీసుకుపోవడం అంతకంటే తప్పు. కారెక్కే ముందు నాన్న చొక్కా జేబు ఉబ్బి ఉంటే చూశాను, గుప్పెడు కాయలు. తీసి చెట్టు మొదట్లో పెట్టించాను.

"మన దగ్గర మొలవదన్నవు గదరా, మరి నీకెందుకు భయం?" అన్నాడు, సీటు బెల్టు పెట్టుకుంటూ.